పాత సామాన్లు ఇంటి దగ్గరే అమ్మాలంటే...

ప్రశ్న: వచ్చే నెల ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో మా అబ్బాయి దగ్గరికి వెళ్లిపోతున్నాం. పాత సామాన్ల వ్యాపారి మొత్తానికి కలిపి చాలా తక్కువ చెప్పాడు. అమెరికాలో గరాజ్ సేల్ అని చేస్తారట కదా, అలా మా ఇంటి ముందే పెట్టి అమ్ముకోవచ్చా?
- ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: తప్పకుండా అమ్ముకోవచ్చమ్మా. తిరుపతిలో కొనేవాళ్లకు కొదవలేదు. యూనివర్సిటీలు, మెడికల్ కాలేజీ చుట్టుపక్కల గదులు తీసుకుని ఉండే పిల్లలకు మంచం, టేబులు, ఇండక్షన్ స్టవ్, చిన్న కుక్కర్ ఎప్పుడూ అవసరమే. ఐదారు రోజుల ముందే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, హాస్టళ్ల దగ్గరి జెరాక్స్ షాపుల్లో, పాల బూత్ దగ్గర తెలియజేయండి. నాలుగైదు పెద్ద వస్తువుల ఫొటోలు, వాటి ధరలు, ఇంటి ఆనవాలు, సమయం ఉంటే చాలు.

జీతాలు పడిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం పెట్టుకోండి. శుక్రవారం, మంగళవారం, అమావాస్య వద్దు. ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఇద్దరూ వెనకాడతారు. ఉదయం 7 నుంచి 11 వరకు చాలు. ఎండెక్కితే ఇక్కడ ఎవరూ నిలబడి చూడరు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకైతే వాన భయం ఉంటుంది కాబట్టి వరండాలోనో కార్ షెడ్డులోనో సర్దండి.

అన్నిటికన్నా ముఖ్యం ధర. ప్రతి వస్తువుకూ చీటీ అంటించి ధర రాయండి. రాయకపోతే వచ్చిన ప్రతివాళ్లూ "ఎంతకిస్తారు?" అని అడుగుతారు, మీరు మనిషికో మాట చెప్పి చిక్కులో పడతారు. అడగడానికి మొహమాటపడేవాళ్లు చూసి వెళ్లిపోతారు కూడా. బాగా పనిచేసే, ఐదేళ్లలోపు కొన్న మిక్సీ, ఫ్యాను లాంటివి కొన్న ధరలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టవచ్చు. స్టీలు గిన్నెలు, డబ్బాలు విడివిడిగా కాకుండా నాలుగైదు కలిపి సెట్టుగా పెట్టండి. మీకు ఎంత వస్తే సరిపోతుందో దాని మీద ఇరవై శాతం వేసి రాయండి, బేరానికి చోటుంటుంది. 10 గంటల వరకు పదో వంతుకు మించి తగ్గించకండి, ఆ తర్వాత సగానికైనా ఇచ్చేయవచ్చు.

ఇత్తడి, రాగి, కంచు మాత్రం ఈ లెక్కలో కలపకండి. ముందురోజే పాత్రల అంగడికి వెళ్లి పాత లోహం కిలో ఎంతకు కొంటున్నారో, కొత్తది ఎంతకు అమ్ముతున్నారో కనుక్కుని, మధ్య రేటు పెట్టండి. బిందె, గంగాళం తూకం వేసి బరువు కూడా చీటీ మీద రాస్తే వాదన ఉండదు.

మంచం, బీరువా గేటు నుంచి కనబడాలి. చిన్నవి నేల మీద పరచకుండా బల్లల మీద పెట్టండి, వంగి ఏరుకునే ఓపిక ఎక్కువమందికి ఉండదు. ఇంటి తలుపు తాళం వేసి, డబ్బు నడుముకు కట్టుకున్న సంచిలోనే ఉంచుకోండి. 10, 20, 50 నోట్ల చిల్లర ముందే తెచ్చుకోవాలి. తెల్లవారకముందే వ్యాపారులు వచ్చి మంచివన్నీ ఒకే రేటుకు అడుగుతారు. 11 తర్వాత రమ్మనండి.

ప్రశ్న: ఫ్రిజ్, గ్రైండర్ అమ్మాలి. పనిచేస్తాయో లేదోనని ఎవరూ ముందుకు రావడం లేదు.
- ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: చెబితే నమ్మరు, చూపించాలి. ఫ్రిజ్‌ను వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, ముందురోజు సాయంత్రమే ఆన్ చేసి, ఫ్రీజర్లో గిన్నెడు నీళ్లు పెట్టండి. పొద్దున్నే ఆ గడ్డకట్టిన గిన్నె చూపిస్తే ఇంక మాటలక్కర్లేదు. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. జారి వచ్చేస్తే రబ్బరు పట్టు వదిలిందన్నమాట, అది ముందే చెప్పి ధర తగ్గించండి. తీసుకెళ్లేటప్పుడు నిలువుగానే ఉంచాలనీ, ఇంటికి చేరాక కొన్ని గంటలు ఆగి ఆన్ చేయాలనీ చెప్పండి. పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుంది, వెంటనే ఆన్ చేస్తే కంప్రెసర్ దెబ్బతినవచ్చు.

గ్రైండర్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంటే చాలాసార్లు తప్పు బెల్టుదే. అది సాగి జారుతుంది. కొత్తది వేయడానికి అయ్యే ఖర్చు కొద్దే, ధర మాత్రం బాగా పెరుగుతుంది. బిల్లు ఉంటే పక్కనే పెట్టండి.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా పెట్టవచ్చా?
- ఒక పాఠకురాలు, కొర్లగుంట

జవాబు: సిలిండర్ వద్దే వద్దు. అది మీ సొంతం కాదు, డిపాజిట్ మీద ఇచ్చింది. రెగ్యులేటర్‌తో సహా ఏజెన్సీలో అప్పగిస్తే డిపాజిట్ తిరిగి ఇస్తారు. స్టవ్ అమ్ముకోండి. బ్యాటరీలో యాసిడ్, సీసం ఉంటాయి, దాన్ని బ్యాటరీ అంగట్లోనే ఇచ్చేయాలి, బరువును బట్టి డబ్బిస్తారు. పాత ఫోన్లు పెడితే రీసెట్ చేసే ముందు గూగుల్ ఖాతా తీసేయండి, లేకపోతే కొన్నవాళ్లకు తెరుచుకోదు.

ప్రశ్న: ఫోన్‌పే చేశామని చూపించి వెళ్లిపోతే ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకుడు, తిరుచానూరు రోడ్డు

జవాబు: వాళ్ల ఫోన్లో కనబడే దాన్ని నమ్మకండి. మీ యాప్‌లో డబ్బు పడిందని చూసుకున్నాకే వస్తువు చేతికివ్వండి. డబ్బు తీసుకోవడానికి మీరు పిన్ కొట్టనక్కర్లేదు, ఎవరైనా కొట్టమన్నారంటే అది మోసమే.

ప్రశ్న: పాత పట్టుచీరలు కూడా ఇందులో పెడితే పోతాయా?
- ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: పెట్టకండి. అసలు జరీలో వెండి ఉంటుంది, దాని విలువ చీర చూసి చెప్పలేరు. వీధిలో "పాత జరీ కొంటాం" అని వచ్చేవాళ్లకు కాకుండా, జరీ కొనే రెండు మూడు అంగళ్లలో అడిగి, మీ కళ్లెదుటే పరీక్ష చేయించి, తూకం వేయించుకుని ఇవ్వండి.