కొత్త కోచ్ మొదటి ఏడాదే టీమ్ ఓడిపోతుంటే ఎంతకాలం ఓపిక పట్టాలి?

మీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి కొత్త కోచ్ వచ్చాడు, సీజన్ సగమయ్యేసరికి ఒక్కటే గెలుపు, ఇక నమ్మాలా వద్దా అని అడిగారు. ఇది నేను దగ్గరుండి చూసిన బాధే.

2018 ఆగస్టులో ఎమ్మెస్ కోసం నెబ్రాస్కాలోని లింకన్‌కి వెళ్లాను. అదే సీజన్‌కి అక్కడి నెబ్రాస్కా యూనివర్సిటీ టీమ్‌కి స్కాట్ ఫ్రాస్ట్ కోచ్‌గా వచ్చారు. నెబ్రాస్కాలోనే పెరిగిన మనిషి, 1997లో ఇదే టీమ్ జాతీయ ఛాంపియన్ అయినప్పుడు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని దాడిని నడిపించే ఆటగాడు. 2017లో ఆయన కోచింగ్‌లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ టీమ్ ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. ఇంటి బిడ్డ తిరిగొచ్చాడని ఊరు ఊరంతా సంబరపడింది.

ఏక్రన్‌తో మొదటి మ్యాచ్ ఉరుములు మెరుపులతో రద్దయింది. తర్వాత వరసగా ఆరు ఓటములు. కొలరాడోతో మ్యాచ్‌లో కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఏడ్రియన్ మార్టినెజ్ మోకాలికి దెబ్బ తగిలింది. మిషిగన్ చేతిలో 56-10. అన్నిటికంటే నార్త్‌వెస్టర్న్ మ్యాచ్ గుండె కోసేసింది. చివరి రెండు నిమిషాల్లో వాళ్లు బంతిని 99 గజాలు, అంటే దాదాపు మైదానం పొడవంతా నడిపించుకొచ్చి, 12 సెకన్లు ఉండగా స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 34-31తో గెలిచారు. ఆ రాత్రి మా రూమ్‌లో ఎవరికీ అన్నం సహించలేదు. అప్పటికి నాకు ఆట రూల్స్ సగమే తెలుసు, అయినా ఏడుపొచ్చింది.

తర్వాతి శనివారం మిన్నెసోటాతో మ్యాచ్. ఆరుకి ఆరూ ఓడిన టీమ్ కోసం కూడా మెమోరియల్ స్టేడియం ఎర్ర చొక్కాలతో నిండిపోయింది. 1962 నుంచి అక్కడ ప్రతి హోమ్ మ్యాచ్‌కీ టికెట్లన్నీ అమ్ముడవుతూనే ఉన్నాయి మరి. 53-28తో గెలిచాం. చివరి ఆరు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచాం. ఓడిన రెండూ దగ్గర దాకా వచ్చినవే: ఒహాయో స్టేట్‌తో 36-31, అయోవాతో 31-28. మంచులో మిషిగన్ స్టేట్‌ని మూడు ఫీల్డ్ గోల్స్‌తో (బంతిని గోల్ కర్రల మధ్యకి తన్నితే ఒక్కోదానికి మూడు పాయింట్లు) 9-6గా ఓడించిన రోజు కాళ్లు కొయ్యబారిపోయినా ఎవరూ కదల్లేదు.

మొత్తం లెక్క 4 గెలుపులు, 8 ఓటములు. అంతకు ముందు ఏడాది పాత కోచ్ కింద కూడా సరిగ్గా అంతే. కానీ ఆ పాత కోచ్ ఆఖరి రెండు వారాల్లో మా మీద పెన్ స్టేట్, అయోవా చెరో 56 పాయింట్లు కొట్టి వెళ్లాయి. అందుకే మొదటి ఏడాది గెలుపుల సంఖ్య కంటే, సీజన్ మొదట్లో సెప్టెంబర్ ఓటమికీ, చివర్లో నవంబర్ ఓటమికీ తేడా ఉందా అని చూడండి అంటాను. ఉంటే కోచ్ మాట కుర్రాళ్లకి ఎక్కుతున్నట్టే.

అయితే ఒక జాగ్రత్త. ఆ నమ్మకం మాకు చివరికి ఫలించలేదు. 2021లో నెబ్రాస్కా 3 గెలిచి 9 ఓడింది, తొమ్మిదీ పది పాయింట్ల లోపు తేడాతోనే. మొదటి ఏడాది "కొద్దిలో పోయింది" అనుకుంటే అది ఆశ. నాలుగో ఏడాది కూడా అదే మాట అంటుంటే, ఆఖరి నిమిషాల్లో ఆట నిలబెట్టుకోవడం ఆ టీమ్ నేర్చుకోలేదనే అర్థం. 2022 సెప్టెంబర్‌లో ఫ్రాస్ట్‌ని తీసేశారు. ఆ వార్త చూసి కోపం రాలేదు, ఆయన కోసం నిజంగా బాధేసింది.

మీ టీమ్‌కిది మొదటి సీజనే కదా, మిగిలిన హోమ్ మ్యాచ్‌లకి వెళ్లండి. ఆ కుర్రాళ్లు పంతొమ్మిది, ఇరవై ఏళ్ల వాళ్లు, ఖాళీ కుర్చీలు వాళ్లకి కనపడతాయి.