జెండాకు ముందు రసీదు పుస్తకం

చిరంజీవి అబ్బాయికి,

సనత్‌నగర్ నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు.

పాశమైలారంలోని మీ కర్మాగారంలో యూనియన్ పెట్టదలచామని, మొదట ఏం చేయాలో చెప్పమని రాశావు. బాలానగర్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు టర్నర్‌గా పనిచేసి, అందులో పదకొండేళ్లు కార్మిక సంఘానికి కోశాధికారిగా ఉన్నవాణ్ణి కనుక నా మాట ఇది: గేటు దగ్గర జెండా కట్టేలోపే రసీదు పుస్తకం అచ్చు వేయించండి.

సభ్యుల చందాను జీతంలోనే కోసి ఇస్తామని యాజమాన్యం ముందుకొచ్చినా మొదటి మూడేళ్లు ఒప్పుకోవద్దు. జీతాలు పడిన మర్నాడు భోజనం బెల్లు కొట్టగానే నేను రసీదు పుస్తకం పట్టుకుని మిషను మిషనుకూ తిరిగేవాణ్ణి. నూనె చేతులు కాటన్ వేస్టుతో తుడుచుకుని, జేబులోంచి నోటు తీసే ఆ రెండు నిమిషాల్లోనే ఓవర్‌టైమ్ లెక్క తప్పిందని ఒకరు, గ్రైండింగ్ దగ్గర కళ్లద్దాలు ఇవ్వలేదని మరొకరు చెప్పుకునేవారు. తర్వాత చందా జీతంలో కోతగా మారింది. డబ్బు సక్రమంగానే వచ్చింది కానీ, ఆ మాటలు మా చెవిన పడడం ఆగిపోయింది. ఆ లోటు మేము గుర్తించేసరికి, యాజమాన్యంతో మాట్లాడే సంఘం ఏదో తేల్చే గుర్తింపు ఎన్నికల్లో ఓడిపోయాం. ఆ తప్పు మాదే.

సంఘం పెట్టుకునే ఈ హక్కు ఎలా వచ్చిందో మీ కమిటీలో ప్రతివారికీ తెలియాలి. 1918లో బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడితే, బకింగ్‌హామ్, కర్ణాటిక్ బట్టల మిల్లుల యాజమాన్యం హైకోర్టుకు వెళ్లి ఆయన మీద నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది; రిజిస్టరైన సంఘాలకు అటువంటి దావాల నుంచీ, కుట్ర కేసుల నుంచీ రక్షణ 1926 నాటి కార్మిక సంఘాల చట్టంతోనే వచ్చింది. మన నగరంలో నిజాం పాలన నాడే మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ కార్మికులను కూడగట్టారు. ఇక్కడి ఆల్విన్ కర్మాగారంలో కూలికి పనిచేసిన అంజయ్య గారు కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ 1926 చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త చట్టంలో కలిసిపోయాయి. 2025 నవంబరు 21 నుంచి అదే అమలు. సంఘం రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు ఏడుగురి సంతకాలు చాలు, అయితే కార్మికుల్లో పది శాతమో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండాలి. ఆ ఏడుగురూ కర్మాగారంలో ఒకే విభాగం వాళ్లు కాకుండా చూసుకోండి. ఒక్క బదిలీ ఉత్తర్వుతో సంఘం చెదిరిపోతుంది. దరఖాస్తు అందినట్టు కాగితం చేతికి వచ్చేదాకా వాళ్ల పేర్లు బయటపెట్టకండి. ఒకటికి మించి సంఘాలున్నచోట మస్టర్ రోల్‌లోని, అంటే హాజరు పట్టీలోని, కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే యాజమాన్యంతో మాట్లాడే ఏకైక చర్చల సంఘం అవుతుంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. ఆవేశంలో మర్నాడే పని ఆపితే అది చట్టవిరుద్ధ సమ్మె అవుతుంది.

కాంట్రాక్టు పనివాళ్ల పేర్లు మీ మస్టర్‌లో ఉండవు కనుక వాళ్లను పక్కన పెడదామని కొందరు అంటారు. వినకు. ఒకే ప్రెస్సు మీద సగం జీతానికి చేసేవాడు ఉన్నంతకాలం నీ జీతపు ఒప్పందం నిలవదు. వాళ్ల సమస్యను మొదటి డిమాండ్ల పత్రంలోనే రాయండి.

వచ్చే ఆదివారం ఒకసారి ఇంటికి రా. మా పాత రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నమూనాకు ఒకటి తీసుకువెళ్దువుగాని.

మీ పెదనాన్న