ముత్తాత దస్తావేజులో కృష్ణా జిల్లా ఏమిటి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా కొల్లిపర మండలంలో ఒక పల్లె. మా ముత్తాతగారి 1898 నాటి దస్తావేజులో ఊరు 'కృష్ణా జిల్లా' అని రాసి ఉందండీ. రాసినవాళ్ల తప్పా? పొలం పేరు మార్పుకి సర్పంచ్‌గారి దగ్గరికి వెళ్లాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తప్పేం కాదండీ, టెన్షన్ పడకండి. 1859లో గుంటూరు జిల్లాని రద్దు చేసి ఈ ప్రాంతాన్ని కృష్ణా జిల్లాలో కలిపారు, మళ్లీ గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంటే నది అటూ ఇటూ ఒకే జిల్లాగా ఉన్న రోజుల కాగితం మీది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకోండి! మీ పక్క మాగాణికి కాలవ నీళ్లు తెచ్చిన బెజవాడ ఆనకట్ట అప్పటికే ఉంది, 1855లో పూర్తయింది. మండలాలు మాత్రం ఎన్టీఆర్ హయాంలో, 1985లో వచ్చాయి, అంతకుముందు తాలూకాలు, వాటిలో భాగాలైన ఫిర్కాలే.

పొలం సంగతికి సర్పంచ్‌గారి దగ్గరికి వెళ్లి లాభం లేదు. మంచినీళ్లు, మురుగుకాలవలు, వీధిలైట్లు, ఇంటిపన్ను వరకే పంచాయతీ. పొలం రికార్డులైన అడంగల్, 1బీలో పేరు మారాలంటే తహశీల్దారు ఆఫీసుకే వెళ్లాలి. పక్కనే ఉందని ఎంపీడీవో ఆఫీసులో క్యూ కట్టేరు, అది మండల పరిషత్తుది!