బిల్లు కింద ‘ఆదా’ 1,30,000... మరి ఖాతాలో ఏదీ?

ప్రశ్న: చిత్తూరు గిరింపేటలో ఉంటాం. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు 68,000 చేతికొస్తాయి. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు. గుడ్డలు, చెప్పులు, బ్యాగులు ఏవైనా ఆఫర్ ఉన్నప్పుడే కొంటాం. నెలకోసారి తిరుపతి మాల్‌కో వేలూరుకో పోతాం. ఏడాదికి రెండు మూడుసార్లు బెంగళూరు ఫ్యాక్టరీ ఔట్‌లెట్లకు వెళ్తాం. పోయినేడు బిల్లులన్నీ కూడితే 1,12,000 అయింది. వాటి అడుగున ‘మీరు ఆదా చేసింది’ అని వేసిన అంకెలు కూడితే 1,30,000. అంత ఆదా చేసినా ఖాతాలో ఏమీ మిగల్లేదెందుకు సార్? శ్రావణంలో మా తమ్ముడి పెళ్లి. గుడ్డలకు 90,000 అనుకున్నాం. బెంగళూరు వెళ్లి ఒకేసారి కొనేద్దామా? కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోవచ్చా?

జవాబు: బిల్లులు దాచి, కూడి మరీ రాశారు, అందుకు ముందు మెచ్చుకోవాలి. కానీ ఆ 1,30,000 ఏనాడూ మీ డబ్బు కాదమ్మా. అది ఎమ్మార్పీకీ మీరు కట్టినదానికీ మధ్య తేడా, అంతే. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న పైహద్దు. ఆ అంకె వేసేది కంపెనీయే. 3,999 ట్యాగు తగిలించి ఏడాది పొడుగునా 1,999కి అమ్మే చొక్కా అసలు ధర 1,999. అందులో మీకు మిగిలింది సున్నా. అదే రకం చొక్కా మామూలు రోజున మీ బజారు వీధిలో 1,700కు దొరికితే మీరు 299 ఎక్కువ పెట్టినట్టు, బిల్లు కింద ఏ అంకె ఉన్నా సరే.

బిల్లులు చేతిలో ఉన్నాయి కాబట్టి ఒక పని చేయండి. ప్రతి వస్తువు పక్కన మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: అవసరమై కొన్నది, రేపెప్పుడో కొనాల్సింది ముందే కొన్నది, ఆఫర్ చూశాక కొన్నది. మూడో గుర్తు పడ్డవాటికి మీరు కట్టిన మొత్తమంతా ఖర్చే. రెండో రకంలో పెద్దవాళ్ల జీన్స్, ప్యాంట్లు, తువ్వాళ్లు ఉంటే పర్వాలేదు. పిల్లల బూట్లు, ఫ్రాకులు ఉంటే మాత్రం సగం వృథా. నాలుగో తరగతి పిల్లాడికి వచ్చే ఏటి సైజు ఇప్పుడే ఊహించి కొంటే, ఆ ఏడు వచ్చేసరికి కాలు ఆ సైజునూ దాటిపోతుంది.

ఇక బెంగళూరు. చిత్తూరు నుంచి రానూ పోనూ సుమారు 360 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారైతే 24 లీటర్ల పెట్రోలు, లీటరు 110 చొప్పున 2,640. టోలు, పార్కింగు, నలుగురి భోజనాలు, సాయంత్రం కాఫీ టిఫిను కలిపితే ఆ రోజు ఖర్చు దగ్గర దగ్గర 5,000. తిరుపతిలో తగ్గింపు పోను పడే ధర కంటే అక్కడ ఇంకో 15 శాతం తక్కువకు దొరికిందనుకున్నా, ఆ 5,000 తిరిగి రావాలంటే ఇక్కడి ధరలో 33,000 విలువైన సరుకు కొనాలి. అంతకు లోపు కొంటే నష్టం. నష్టం ఎందుకని అంత సరుకూ కొంటే మూడో గుర్తు వస్తువులు పెరుగుతాయి. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అన్న మాటకు బెంగళూరు ఔట్‌లెట్లలో పడే బిల్లు చాలా పెద్దది. వేలూరుకు రానూ పోనూ ఎనభై కిలోమీటర్లలోపే, తిరుపతికి 140 ఉంటుంది. నిజంగా కొనాల్సింది ఉంటే ఈ రెండు ఊళ్లూ చాలు. బెంగళూరు ఏడాదికి ఒక్కసారి, అదీ వేరే పని మీద వెళ్లినప్పుడు చూసుకోండి.

ఆఫర్ బోర్డుల లెక్క కూడా ఒకసారి చూడాలి. ‘50 + 20 శాతం’ అంటే 70 కాదు. సగం తగ్గించాక మిగిలిన సగంలో 20 శాతం, అంటే మొత్తం 60. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అంటే 33 శాతం, మూడోది మీకు అవసరమైతేనే. అందులోనూ ఉచితంగా వచ్చేది మూడింటిలో తక్కువ ధరది. ‘3,000 కొంటే 1,000 వోచర్’ అన్నది చాలామంది 33 శాతమనుకుంటారు. ఆ వోచరు వాడాలంటే మళ్లీ 3,000 కొనాలని వెనకాల చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆరు వేల సరుకుకు వెయ్యి తగ్గింది, అంటే 17 శాతం కూడా లేదు. పైగా గడువు నెలో నెలన్నరో పెడతారు. నెలకోసారి మాల్‌కు వెళ్లే అలవాటు మీకు ఎక్కడ మొదలైందో ఈ వోచర్ల తేదీలు చూసుకుంటే తెలిసిపోతుంది.

ఔట్‌లెట్లో ఉండే సరుకంతా ఒకటి కాదు. షోరూములో అమ్ముడుపోని పోయిన సీజను మాలు ఒకటి. కుట్టులో, రంగులో తేడా వచ్చిన సెకండ్స్ ఒకటి. ఔట్‌లెట్ కోసమే చవక బట్టతో కుట్టించింది మరొకటి. మొదటిది దొరికితే లాభం. కొన్ని బ్రాండ్ల ట్యాగు మీద ఎస్ఎస్, ఏడబ్ల్యూ అన్న అక్షరాల పక్కన ఏడాది అంకె ఉంటుంది, అంటే వేసవి మాలా, చలికాలం మాలా, ఏ ఏటిది అని. మెడ లేబులును కత్తెరతో గీసి ఉంటే అది షోరూముకు తిరిగి వెళ్లకుండా చేసిన మాలు. అలాంటిది కొనకూడదని కాదు, చూసి కొనాలి. గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చేతులకూ వెన్నుకూ రంగు ఒకటేనా అని పోల్చండి. ప్యాంటును రెండు కాళ్లూ కలిపి మడిచి పట్టుకుంటే పక్క కుట్టు ముందుకు తిరిగి కనబడుతోందా చూడండి. అలా తిరిగితే ఉతికాక ఇంకా మెలి పడుతుంది. నడుము పట్టీని చెవి దగ్గర సాగదీయండి. చిటపటమంటే లోపలి ఎలాస్టిక్ చచ్చిపోయినట్టే. మూడో రకాన్ని పట్టాలంటే ట్యాగు మీది స్టైల్ కోడును ఫోనులో వెతకండి. ఔట్‌లెట్లో తప్ప ఇంకెక్కడా అది కనబడకపోతే ఆ ఎమ్మార్పీని కొట్టేసి, బట్టను చేత్తో తడిమి ధర మీరే కట్టండి.

బూట్ల దగ్గర మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. సోలు పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) అయితే పాత స్టాకు వద్దు. గాల్లోని తేమ ఆ పదార్థాన్ని లోపల్నుంచి విడగొడుతుంది. డబ్బాలోంచి బయటికి తీయకపోయినా నాలుగైదేళ్లకు పొడి పొడిగా రాలుతుంది. మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కండి. గుంట పడి లేవకపోయినా, జిగటగా అంటినా, సన్నటి బీటలు కనబడినా కొనకుండా అక్కడే పెట్టేయండి. రబ్బరుకూ, తేలిగ్గా నురుగులా ఉండే ఈవీఏ సోళ్లకూ ఈ జబ్బు లేదు. వెయ్యి రూపాయలకు వచ్చిన నాలుగు వేల బూటు మూడో నెలలో రోడ్డు మీదే సోలు విడిచిందంటే చాలాసార్లు కారణమిదే.

పెళ్లి గుడ్డల 90,000ని నేనైతే ఇలా విడగొడతాను: పట్టుచీరలకు 45,000, మీ నలుగురి మిగతా గుడ్డలకు 18,000, చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలకు 12,000, కుట్టుకూలీ, ఫాలు, లైనింగులకు 9,000, చెప్పులకు 6,000. ఇందులో ఔట్‌లెట్‌కు పనికొచ్చేది 18,000, 6,000, అంతే. ఆ 24,000 కోసం బెంగళూరు ప్రయాణం దండగని పైలెక్కే చెబుతోంది. పట్టు ఔట్‌లెట్లో కొనేది కాదు. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబులు చూసి, జరీ అసలుదా ఇమిటేషనా అన్నది బిల్లులో రాయించుకుని, నమ్మకమైన అంగడిలో తీసుకోండి. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాల పట్టు కూడా చూడండి, మీ జిల్లా పక్కనే కదా. పెట్టుబడి చీరలకు మాల్ అసలే వద్దు. నగరి, పుత్తూరు మరమగ్గాల వైపు టోకున తీసుకుంటే 600 చొప్పున 20 వస్తాయి, పట్టుకెళ్లినవాళ్లు కట్టుకుంటారు కూడా.

ఎప్పుడు కొనాలన్నది మీకు కలిసొచ్చే విషయం. శ్రావణానికి ముందు ఆషాఢం తగ్గింపులు మన ఊళ్లో ఉంటాయి. వేలూరులో తమిళుల ఆడి నెల తగ్గింపులు సౌరమానం లెక్కన జులై మధ్యలో మొదలై ఆగస్టు మధ్య దాకా నడుస్తాయి. రెండూ ఒకే రోజున మొదలుకావు, ఒకే రోజున ముగియవు కాబట్టి ధరలు పోల్చుకునే వీలుంటుంది. పట్టుచీరలు మాత్రం ఆషాఢం మొదటి వారంలోనే తీసేయండి. ఆఖరి వారానికి టైలర్లు అర్జెంటు కూలీ అడుగుతారు, చీరలో తగ్గింది జాకెట్టులో పోతుంది.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేదనుకోవద్దు. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. 30,000ను ఆరు నెలలకు, ఏడాదికి 15 శాతం లెక్కన పెడితే లోపల సుమారు 1,270 వడ్డీ ఉంటుంది. దాన్ని అంగడివాళ్లు ముందే తగ్గించి చూపిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 229 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దాని పన్నుతో 235. మొత్తం 464. ఇది భరించవచ్చు, భరించలేనిది వేరే ఉంది: రొక్కానికి ఇచ్చే తగ్గింపు పోతుంది, ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలినదానికి నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది. ఖాతాలో ఏమీ లేదని మీరే అంటున్నారు కాబట్టి నా జవాబు వద్దనే. పెళ్లికి ఇంకా నెలలుంటే ఆ 90,000ను నెలలతో భాగించి ఇప్పట్నుంచే పక్కన పెట్టండి. చాలకపోతే 90,000నే తగ్గించండి.

పెళ్లి అయ్యాక సంగతి. ఏడాదికి 8,16,000 ఆదాయంలో 1,12,000 అంటే దాదాపు 14 శాతం గుడ్డలకూ బ్యాగులకే పోతోంది. ఎనిమిది శాతం, అంటే నెలకు సుమారు 5,400 చాలు. మిగిలే 3,900ను జీతం పడ్డ మర్నాడే పోస్టాఫీసు ఆర్డీకి, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌కు పంపండి. 6.7 శాతం వడ్డీకి ఐదేళ్లలో మీరు కట్టే 2,34,000 సుమారు 2,78,000 అవుతుంది. పాప అప్పటికి కాలేజీలో ఉంటుంది. మాల్‌కు రెండు నెలలకోసారి వెళ్లండి, చీటీ రాసుకుని వెళ్లండి. చీటీలో లేనిది నచ్చితే ఫోటో తీసుకుని వచ్చేయండి, వారం తర్వాత కూడా కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

బిల్లు కౌంటరు దగ్గర చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాకా ధర ఉన్న కుట్టిన దుస్తులకూ చెప్పులకూ జీఎస్టీ 5 శాతం, దాటితే 18. చూడాల్సింది తగ్గింపు తర్వాత ధరే. 3,599 చొక్కా 1,799కి ఇస్తే 5 శాతమే పడాలి. అంతకుముందు వెయ్యి దాటిన దుస్తులకు 12 శాతం ఉండేది కాబట్టి పాత ట్యాగు మీద పాత పన్ను లెక్కతో వసూలు చేస్తున్నారేమో గమనించండి. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. తగ్గింపు ధర మీద ‘పన్ను అదనం’ అని వేయడం అనుచిత వాణిజ్యమేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లో, జీఎస్టీకి ముందు వ్యాట్ పన్ను ఉన్న రోజుల్లోనే తేల్చింది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద ముద్ర వేసినా లోపమున్న సరుకుకు అది చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాల్సిందే. లోపం ముందే చెప్పి సెకండ్స్‌గా అమ్మినదైతే ఆ వాదన నిలవదు, అందుకే ‘సెకండ్స్’ అన్న మాట బిల్లులో ఉందో లేదో అక్కడే చూసుకోండి. అంగడివాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, ఫిర్యాదుకు బిల్లు, ట్యాగు, లోపం కనబడే ఫోటో జతచేయండి.