సెలూన్ టైమింగ్స్ గురించి చిన్నాకి బాబాయ్ రాసేది

చిన్నా, కూకట్‌పల్లిలో సెలూన్‌కి అడ్వాన్స్ ఇచ్చేశావని మీ పిన్ని చెప్పింది, చాలా సంతోషం రా. కానీ ఎదురు ఏసీ సెలూన్ వాడు రాత్రి పదిన్నర దాకా తీస్తున్నాడు కాబట్టి నేను పదకొండు దాకా తీస్తా అన్నావంట, అక్కడే కాస్త ఆగు.

ఓ వారం రాత్రిళ్ళు ఆ పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి చూడు, తొమ్మిది దాటాక వాడి కుర్చీలు ఎన్ని నిండుతున్నాయో. ఒక్కటే నిండుతుంటే వాడు కూడా ఇంకెవణ్ణో చూసి తీస్తున్నాడనే లెక్క. నువ్వు అరగంట పెంచితే వాడు ఇంకో అరగంట పెంచుతాడు, వీధిలో గడ్డాలు మాత్రం అన్నే ఉంటాయి, పెరిగేది కరెంటు బిల్లు, కుర్రాళ్ళ విసుగు. తిరుమల కళ్యాణకట్ట రాత్రీ పగలూ నడుస్తుందంటే జనం ఆగకుండా వస్తారు కాబట్టి, మనకి అంత సీన్ లేదు కదా.

ఆ ఏసీ వాడు పొద్దున పదింటికి గానీ షట్టర్ ఎత్తడు, నీ ఛాన్స్ అదే. మనవాళ్ళు క్షవరం అయ్యాక తలస్నానం చెయ్యందే ఇంట్లో ఏదీ ముట్టుకోరు, అందుకే పొద్దున్నే స్నానానికి ముందే వస్తారు, ఆదివారం అయితే మటన్ కొట్టుకి వెళ్తూ వెళ్తూ నంబర్ చెప్పి పోతారు. నువ్వు ఆరున్నరకల్లా తియ్యి. హాస్టల్ పిల్లలు ఎక్కువుంటే మాత్రం లెక్క మారుద్ది, వాళ్ళు రాత్రే వస్తారు.

మంగళవారం సంగతి వేరే. వీధిలో సెలూన్లన్నీ మూసి ఉంటే ఆ గిరాకీ ఎక్కడికీ పోదు, బుధవారం వస్తుంది. నువ్వొక్కడివే తీస్తే నెలా రెండు నెలలు బాగుంటుంది, తర్వాత అందరూ తీస్తారు, అప్పుడు ఎవరికీ సెలవూ ఉండదు, లాభమూ ఉండదు. పెద్ద చైన్ సెలూన్లు ఎలాగూ మంగళవారం తీస్తాయి, అందుకని మన సెలూన్ల సంఘం వాళ్ళతో మాట్లాడకుండా ఏదీ డిసైడ్ చెయ్యకు. నువ్వు రోజూ తీసినా పనివాళ్ళకి వారంలో ఒక రోజు సెలవివ్వాలి, 1988 షాపుల చట్టంలోనే ఉంది అది.

అయ్యప్ప మాలల సీజన్‌లో గిరాకీ తగ్గుతుంది, అప్పుడు గంట ముందే కట్టేసినా తప్పులేదు, కానీ పొద్దున చెప్పిన టైముకి మాత్రం తెరిచే ఉండాలి.

పెయింటర్‌కి టైమింగ్స్ ఇప్పుడే చెప్పకు, బోర్డు మీద పేరొక్కటే రాయించు, టైమ్ ఓ మూడు నెలలు పోయాక రాయిద్దాం.