డనాంగ్‌లో అమ్మానాన్నలతో ఐదు రోజులు: ఎక్కడ తినాలి, ఏం తినాలి?

మీరు అడిగింది ఇది: "వియత్నాంలోని డనాంగ్‌కి అమ్మానాన్నలతో ఐదు రోజులు వెళ్తున్నాం. అమ్మ పూర్తి శాకాహారి. నాన్న చికెన్, చేప తింటారు, బీఫ్, పోర్క్ ముట్టరు. నాకు అన్నీ రుచి చూడాలని ఉంది. అక్కడి తిండికి ఎక్కడికి వెళ్ళాలి? మధ్యలో పిజ్జానో మన భోజనమో దొరుకుతుందా?"

అచ్చం మా ఇంటి లెక్కే. ఆఫీసు పని మీద నేను ఆ ఊళ్ళో పది నెలలు ఉన్నాను. మధ్యలో అమ్మానాన్న విశాఖ నుంచి వచ్చి పన్నెండు రోజులు ఉండి వెళ్ళారు. అందుకే అమ్మగారి తిండితోనే మొదలుపెడతాను. ఆ ఒక్కటీ తేలితే మిగతా టెన్షన్ ఉండదు.

నేను దిగిన మూడో రోజు ఒక సందులో బోర్డు కనిపించింది. ఇంగ్లిష్ అక్షరాల్లో సి, హెచ్, ఏ, వై. హమ్మయ్య, చాయ్ దొరికిందని లోపలికెళ్ళి కూర్చున్నా. అక్కడున్నావిడ ప్లేటు నిండా అన్నం పెట్టి, వరసగా ఉన్న స్టీలు ట్రేలు చూపించి ఏ కూర కావాలో వేలు పెట్టి చూపించమంది. టీ, టీ అంటే ఐసు వేసిన చేదు టీ గ్లాసుతో తెచ్చి పెట్టింది. పాలూ లేవు, పంచదారా లేదు. ఎందుకులే అని అన్నం తినేసి, బయటికొచ్చి ఫోన్లో చూస్తే తెలిసింది, వియత్నామీస్‌లో 'చాయ్' అంటే శాకాహారం అని!

మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి మాట అదే. ఇండియన్ రెస్టారెంట్ కోసం మ్యాప్‌లో వెతికే ముందు 'క్వాన్ చాయ్' అని వెతకండి. క్వాన్ అంటే చిన్న హోటల్. బౌద్ధులు చాంద్రమాన నెలలో మొదటి రోజూ పదిహేనో రోజూ మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో ఇవి కిటకిటలాడతాయి, మామూలు హోటళ్ళు కొన్ని కూడా చాయ్ వంటలు పెడతాయి. ఆచారం పట్టించుకునే చోట ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. మా అమ్మ కార్తీక మాసంలోనే వచ్చింది, ఇంతకంటే ఏం కావాలి. నేనున్నప్పుడు ప్లేటు అన్నం, నాలుగు కూరలు, చారులాంటి సూప్ కలిపి 30 వేల డాంగ్‌ల (అక్కడి డబ్బు) దగ్గర ఉండేది. కంగారు పడకండి. మూడు సున్నాలు కొట్టేసి మూడుతో గుణించి ఇంకాస్త వేసుకుంటే రూపాయలు వస్తాయి. అంటే వంద రూపాయలు.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పండి అమ్మగారికి. ఆ హోటళ్ళలో టోఫూతో, గోధుమ పిండి జిగురుతో, పుట్టగొడుగులతో మాంసం ముక్కల్లా కనిపించే కూరలు చేస్తారు. మా అమ్మ మొదటి రోజు ప్లేటు అలా నా వైపు తోసేసింది. "ఇది కోడి కాలు కాదంటావేంట్రా, ఎముక కూడా కనిపిస్తోంది" అంది. ఆ ఎముక నిమ్మగడ్డి కాడ. ముక్క విరిచి చూపించాక గానీ నోట్లో పెట్టలేదు. నాలుగో రోజుకి తనే ముందు నడిచి ట్రేలు చూపిస్తోంది.

చాయ్ బోర్డు లేని చోట మాత్రం "కూరగాయలే కదా" అని నమ్మొద్దు. తోటకూరలా వేయించి తెచ్చే ఆకుకూరలో కూడా 'నూక్ మామ్' పడుతుంది. అది నెత్తళ్ళు ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి దింపే చేప రసం. డనాంగ్ శివార్లలోని నామ్ ఓ అనే ఊరు దానికే ప్రసిద్ధి. అక్కడి వాళ్ళకి అది ఉప్పుతో సమానం, వేశామని చెప్పాలని కూడా తోచదు. 'తోయ్ ఆన్ చాయ్' (నేను శాకాహారిని) అని వియత్నామీస్‌లో రాసి ఫోన్లో పెట్టుకుని చూపించండి. మనం పలికితే వాళ్ళకి అర్థం కాదు. వాళ్ళ భాషలో స్వరం మారితే అర్థమే మారిపోతుంది, నేను పది నెలలు పలికినా నవ్వారే తప్ప కూర రాలేదు.

ఇక మీ సంగతి. ఈ ఊరి వంట అంటే ఫో (వియత్నాం అనగానే అందరూ చెప్పే నూడుల్ సూప్) కాదు, అది ఆ దేశంలో ఉత్తరాదిది. ఇక్కడిది 'మీ క్వాంగ్'. వెడల్పాటి బియ్యపు నూడుల్స్, చాలా చోట్ల పసుపు వేసి పచ్చగా ఉంటాయి. అడుగున తురిమిన అరటిపువ్వు, ఆకులు, పైన రొయ్యలో చికెనో, వేరుశనగ పప్పులు, నువ్వులు అద్దిన పెద్ద అప్పడం. సూప్ మాత్రం రెండు గరిటెలే. మా నాన్న గిన్నె వంచి చూసి "పులుసు పొయ్యడం మర్చిపోయారా?" అన్నారు. మర్చిపోలేదు, దాని పద్ధతే అది. అప్పడం చిదిమి వేసుకుని, నిమ్మకాయ పిండి, పక్కన పెట్టిన పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినాలి. హాయ్ ఫాంగ్ వీధి మొదట్లో ఉన్న 'మీ క్వాంగ్ 1ఏ' పాతది, పేరున్నది. 'బా మువా' కాస్త పెద్ద రెస్టారెంట్, కుర్చీలు మామూలు ఎత్తులో ఉంటాయి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులుంటే ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే రోడ్డు పక్క బండ్ల దగ్గర మన స్నానాల గదిలో పీటంత ప్లాస్టిక్ స్టూళ్ళే ఉంటాయి.

బోర్డు మీద మాటలు నాలుగైదు నేర్చుకోండి. 'గా' అంటే కోడి, 'కా' అంటే చేప, 'తోమ్' రొయ్య, 'బో' బీఫ్, 'హేయో' పోర్క్. గా, కా కలగలిసిపోతాయి, జాగ్రత్త. చికెన్ అని ఉన్నా సూప్ పోర్క్ ఎముకలతో కాచి ఉండొచ్చు. నాన్నగారు అంత పట్టింపుగా ఉంటే అడిగి తినండి, లేదా నేరుగా 'కమ్ గా'కి వెళ్ళిపొండి. అంటే కోడి అన్నం. థాయ్ ఫియెన్ వీధిలో 'ఆ హాయ్' అనే హోటల్లో కరకరలాడే వేయించిన కోడి, రంగు వేసిన అన్నం ఇస్తారు. మా నాన్న పన్నెండు రోజుల్లో ఐదుసార్లు అక్కడే తిన్నారు. పక్కన ఇచ్చే మిరప పచ్చడి సీసా మా టేబుల్ మీదే ఖాళీ అయ్యేది.

పోర్క్ మీకు పర్వాలేదంటే 'బాన్ సెయో' కోసం హొవాంగ్ జ్యూ వీధిలో సందు చివర ఉన్న 'బా జుయోంగ్'కి వెళ్ళండి. సందు మొదట్లో ఇలాంటివే వేరే హోటళ్ళ వాళ్ళు చెయ్యి ఊపి పిలుస్తారు, ఆగకండి, చివరి దాకా నడవండి. వరసగా పొయ్యిలు, వాటి మీద చిన్న పెనాలు. బియ్యప్పిండిలో పసుపు కలిపిన పిండి పోయగానే చుయ్‌మంటుంది. ఆ చప్పుడే దాని పేరు, 'సెయో' అంటే మన 'చుయ్' అన్నమాట. చూస్తే మన అట్టే. తినడం వేరే. అట్టు విరిచి, పుల్లకి గుచ్చి కాల్చిన పోర్క్‌తో, దోసకాయ, పచ్చి అరటికాయ, గుప్పెడు ఆకులతో కలిపి బియ్యపు కాగితంలో చుట్టి, వేరుశనగ సాస్‌లో ముంచి తినాలి. ఆ సాస్‌లో పోర్క్ కాలేయం ఉంటుంది, నాన్నగారికి చెప్పండి. బియ్యపు కాగితం మాత్రం మీ అమ్మగారికి చూపించండి. మాది ఆత్రేయపురం దగ్గర ఊరు కాబట్టి అమ్మ వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసి, "పూతరేకు కంటే మందం" అని తీర్పిచ్చేసింది. చాయ్ హోటళ్ళలో పుట్టగొడుగులు వేసిన బాన్ సెయో దొరుకుతుంది, అమ్మగారికి అది తినిపించండి.

పొద్దున్న రోడ్డు పక్క 'బాన్ మీ' (వియత్నాం బ్రెడ్ శాండ్‌విచ్) కొనేటప్పుడు, గుడ్డు బాన్ మీ అడిగినా బ్రెడ్‌కి ముందు పోర్క్ కాలేయం ముద్ద రాసేస్తారు. చాకు చేతిలోకి తీసుకోకముందే 'ఖోంగ్ పాతే' అనండి, ఖోంగ్ అంటే వద్దు, పాతే అంటే ఆ ముద్ద. నోట్లు కూడా చూసుకుని ఇవ్వండి. 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ దాదాపు నీలమే. ఒకసారి నేను 20 వేలనుకుని 5 లక్షలు ఇచ్చేసి నడిచిపోతుంటే ఆ బండి ఆవిడ పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుని, నోటు చేతిలో కుక్కి, తిట్టింది. తిట్టిందనే అనుకుంటున్నా.

సముద్రపు తిండి దగ్గర మాత్రం నాకు దెబ్బ తగిలింది. మీ ఖే బీచ్ వెంబడి తొట్లలో బతికున్న రొయ్యలు, పీతలు, చేపలు పెట్టి తూచి వండిస్తారు. పేరు చెప్పను గానీ, ఒక చోట బోర్డు మీద ధర చూసి పీత చవగ్గా ఉందే అనుకున్నాం. బిల్లు వచ్చాక చూస్తే అది కిలోకి కాదు, వంద గ్రాములకి. కాగితం మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, వాదించడానికి కూడా లేదు. కాబట్టి తూకం మీ కళ్ళ ముందే వేయించి, మొత్తం ఎంతో కాల్క్యులేటర్‌లో కొట్టించుకుని తర్వాతే సరే అనండి. 'బే మాన్' అనే పెద్ద షెడ్డులాంటి హోటల్ దగ్గర స్థానికుల కుటుంబాలే ఎక్కువ కనిపిస్తాయి, సందడి కూడా బాగుంటుంది. టేబుల్ మీద పెట్టిన తడి టిష్యూ ప్యాకెట్టు చించితే దానికీ డబ్బులు వేస్తారు. రెండు మూడు వేల డాంగ్‌లే, మోసం కాదు, అక్కడ అందరికీ అంతే.

విదేశీ వంటలకి బీచ్ వెనకున్న ఆన్ థూంగ్ వీధులు చాలు. బర్గర్లు, ఇటాలియన్, మన ఉత్తరాది వంటల హోటళ్ళు అన్నీ అక్కడే. పప్పు, నాన్ తింటే బిల్లు మూడు గిన్నెల మీ క్వాంగ్ కంటే ఎక్కువ అవుతుంది, రుచి మన హైవే దాబా అంత. నాలుగో రోజు అన్నం మీద బెంగ పడితే వెళ్ళండి, అంతకు ముందు అక్కర్లేదు. ఊరికి వచ్చే విదేశీయుల్లో కొరియా వాళ్ళు ఎక్కువ కాబట్టి కొరియన్ హోటళ్ళకి లోటు లేదు. పిజ్జాకైతే హొవాంగ్ వాన్ తు వీధిలోని 'పిజ్జా ఫోర్ పీస్'. జపాన్ దంపతులు 2011లో హోచిమిన్ సిటీలో మొదలుపెట్టిన కంపెనీ, చీజ్ సొంతంగా చేసుకుంటారు. ఒకే పిజ్జా సగం సగం రెండు రకాలుగా ఇస్తారు, మీ ఇంటికి సరిగ్గా సరిపోతుంది. ముందే బుక్ చేసుకోండి. జేబు బరువుగా ఉంటే ఇంటర్‌కాంటినెంటల్ రిసార్ట్‌లోని 'లా మెజాన్ 1888' ఉంది. 2024లో మంచి రెస్టారెంట్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ డనాంగ్‌కి వచ్చినప్పుడు ఒక స్టార్ అందుకున్న ఫ్రెంచ్ రెస్టారెంట్. నేను వెళ్ళలేదు, గేటు ముందు నుంచి బైక్ మీద పోయాను, అంతే.

కాఫీ గురించి ఎంత చెప్పినా తక్కువే. గ్లాసు మీద చిన్న రేకు ఫిల్టర్ పెట్టి చుక్క చుక్కగా దింపి, కింద డబ్బా పాలు పోస్తారు. మన ఫిల్టర్ కాఫీ కంటే చిక్కన, చేదు. బాక్ డాంగ్ వీధిలో నది ఎదురుగా ఉన్న 'కాంగ్ కాఫే'లో కొబ్బరిపాలు కలిపిన ఐసు కాఫీ తాగండి. మా అమ్మ జన్మలో ఐసు కాఫీ తాగలేదు, అక్కడ రెండోది అడిగింది.

అన్నిటికంటే ముఖ్యం టైము. అక్కడ ఆరింటికే టిఫిన్, పదకొండున్నరకి భోజనం. ఒంటిగంటన్నరకి వెళ్తే మంచి చిన్న హోటళ్ళలో గిన్నెలు కడుగుతుంటారు. రాత్రి మనలా తొమ్మిదిన్నరకి బయల్దేరితే మిగిలేవి టూరిస్టు వీధులే. శని, ఆదివారాల్లో రాత్రి తొమ్మిదింటికి నది మీద డ్రాగన్ ఆకారంలో కట్టిన డ్రాగన్ బ్రిడ్జి నిప్పులు కక్కుతుంది. ఏడున్నరకే తినేసి వెళ్ళండి. పక్కనున్న సోన్ ట్రా నైట్ మార్కెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ తిండికి నేను వెళ్ళను. తిండికైతే పగలు కోన్ మార్కెట్ లోపలికి వెళ్ళండి.

ఒక సాయంత్రం హోయి ఆన్ అనే పాత ఊరికి ఉంచుకోండి. 30 కిలోమీటర్లు. 2025 జూలై నుంచి కాగితాల మీద అది కూడా డనాంగ్ నగరమే. అక్కడి 'కావ్ లావ్' నూడుల్స్ మందంగా, నమిలేలా ఉంటాయి. మామూలుగా పోర్క్‌తో చేస్తారు, చాయ్ రకం కూడా దొరుకుతుంది.

తీపికి 'చే'. కొబ్బరిపాలు, పప్పులు, జెల్లీ, ఐసు. మన పాయసానికి చల్లటి చుట్టం. హొవాంగ్ జ్యూ వీధిలోనే 'చే సావ్ లియెన్' అని ఉంది, అక్కడ డూరియన్ పండుతో చేస్తారు. పనసపండు ఇష్టమైన వాళ్ళకి నచ్చే అవకాశం ఉంది, మా నాన్న మాత్రం రోడ్డు అవతల నిలబడ్డారు. పార్సిల్ కట్టించుకుని హోటల్ గదికి తేవొద్దు. వాసనకి చాలా హోటళ్ళు డూరియన్‌ని లోపలికి రానివ్వవు, కొన్ని చోట్ల ఫైన్ కూడా వేస్తారు. అక్కడే తినేసి చేతులు కడుక్కుని రండి.