హిస్పానిక్ విద్యార్థుల కాలేజీ అంటే ఏమిటి? వాటిలో నాయకత్వం కూడా వాళ్లదేనా?

అమెరికాలో లాభాపేక్ష లేని ఒక కాలేజీ డిగ్రీ విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) అయితే, దాన్ని 'హిస్పానిక్ సర్వింగ్ ఇన్‌స్టిట్యూషన్' అంటారు. 1986లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మొదలైన హెచ్‌ఏసీయూ అనే కాలేజీల సంఘం ఈ గుర్తింపు కోసం గట్టిగా పోరాడింది. 1992లో అది చట్టంలోకి వచ్చింది. పేద విద్యార్థులు ఎక్కువగా ఉండటం లాంటి షరతులు తీరితే ఫెడరల్ గ్రాంట్‌కు పోటీపడొచ్చు. ఆ డబ్బు ల్యాబులకు, ట్యూటరింగ్‌కు, అధ్యాపకుల శిక్షణకు వాడతారు. 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం ఈ గ్రాంట్లలో చాలావాటిని ఆపేసింది. దెబ్బ అక్కడ చదివే పేద పిల్లలందరికీ తగులుతుంది.

ఇక నాయకత్వం సంగతి. ఈ గుర్తింపు విద్యార్థుల సంఖ్యను బట్టే వస్తుంది, కాలేజీ ప్రెసిడెంట్ (అధిపతి) ఎవరన్నది చూడరు. నా దృష్టిలో అసలు లోటు ఇదే. దారులు తెరిచిన హిస్పానిక్ నాయకులు మాత్రం ఉన్నారు. వలస కూలీల ఇంట పుట్టి, తనూ పొలాల్లో పనిచేసిన టోమాస్ రివేరా 1979లో కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ క్యాంపస్‌కు ఛాన్సలర్ (క్యాంపస్ అధిపతి) అయ్యారు. 1986లో టెక్సాస్ సౌత్‌మోస్ట్ కాలేజీకి జూలియెట్ గార్సియా ప్రెసిడెంట్ అయ్యారు. అమెరికాలో ఒక కాలేజీని నడిపిన మొదటి మెక్సికన్ అమెరికన్ మహిళ ఆవిడే.